ఉప్పునీళ్ళ ట్యాంకులో ఎన్ని చేపలు? 'అంగుళానికి 20 లీటర్లు' లెక్కకు నా మార్కులు

మంచినీళ్ళ ట్యాంకుకైతే గ్యాలనుకు ఒక అంగుళం చేప, ఉప్పునీళ్ళ ట్యాంకుకైతే ఐదు గ్యాలన్లకు ఒక అంగుళం. చేపలు పెంచేవాళ్ళు ఎవరిని కదిపినా ముందు చెప్పే లెక్క ఇదే. మన కొలతల్లో సముద్రపు చేప అంగుళానికి దాదాపు 20 లీటర్ల నీళ్ళు. తిరుపతిలో, సాయంత్రం ఎండ గోడ మీదే పడే ఇంట్లో, కొన్నేళ్ళుగా ఈ లెక్కతోనే నెట్టుకొస్తున్నాను. ఐదుకు మూడు మార్కులిస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకన్నా సులువైన లెక్క లేదు కాబట్టి ఆ మూడూ ఇవ్వాల్సిందే. మిగతా రెండూ ఎక్కడ పోయాయో చెప్తాను.

ముందు లీటర్ల సంగతి. మా ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే తొమ్మిది ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 255 లీటర్లని ట్యాంకు చేసినాయన చెప్పాడు. పైన రెండంగుళాలు ఖాళీ వదలాలి. రాళ్ళు, ఇసుక కొంత చోటు తింటాయి. బకెట్లు లెక్కపెట్టుకుంటూ పోస్తే పట్టినవి 190 లీటర్లు. మొదటి అంకె నమ్ముకుంటే పన్నెండుముప్పావు అంగుళాల చేపలు, రెండోదైతే తొమ్మిదిన్నర. ఒక చేప తేడా ఇక్కడే వచ్చేసింది.

ఇదే తొమ్మిది ఘనపుటడుగులను మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తుతో కూడా చేయించుకోవచ్చు. హాల్లో అదే చూడ్డానికి బాగుంటుంది. కానీ గాలి తగిలే నీటి పైభాగం మా ట్యాంకులో ఆరు చదరపుటడుగులు, ఎత్తు ట్యాంకులో నాలుగున్నరే. ఆక్సిజన్ నీళ్ళలోకి దిగేది ఆ పైభాగం నుంచే. లీటర్ల లెక్క మాత్రం రెండు ట్యాంకులకూ ఒకే జవాబు చెప్తుంది.

అంగుళాలంటే చేప పెద్దయ్యాక ఉండే పొడవు. ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు. మన ఊరివాళ్ళు చాలామంది చెన్నై కొళత్తూరు వెళ్ళి చేపలు తెచ్చుకుంటారు. అక్కడ బ్లూ ట్యాంగ్ పిల్ల రెండంగుళాలే ఉంటుంది, పిల్లలు అదే కావాలని పట్టుబడతారు. పెరిగితే అది అడుగు పొడవు అవుతుంది. పైగా పొడవు రెట్టింపైతే ఒళ్ళు ఎనిమిదింతలవుతుంది. రెండంగుళాల చేపలు నాలుగు, ఎనిమిదంగుళాల చేప ఒకటి ఈ లెక్కలో సమానమే. ఒకే తీరు ఒళ్ళున్న చేపలైతే ఆ నాలుగింటినీ కలిపి తూచినా పెద్దదాని బరువులో పదహారో వంతే ఉంటాయి. మేత తినేదీ, నీళ్ళు పాడుచేసేదీ బరువే. అందుకే ఈ లెక్కను నాలుగంగుళాలు దాటని చేపలకు మాత్రమే వాడతాను. సన్నటి గోబీ చేపల విషయంలో ఇది అనవసరంగా పిసినారితనం చూపిస్తుంది, ట్యాంగుల విషయంలో ప్రమాదకరంగా ధారాళం.

ఇక అసలైన లోటు ఎండాకాలం. 25 డిగ్రీల మంచినీళ్ళలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పడుతుంది. అదే వేడిలో సముద్రపు నీళ్ళలో 6.7 దగ్గరే ఆగిపోతుంది. 30 డిగ్రీలకు వెళ్తే 6.2. నీళ్ళు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి మాత్రం ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కరెంటు పోతే స్కిమ్మరూ (బుడగలతో నీళ్ళలోని మురికి తీసేది), వేవ్‌మేకరూ (నీళ్ళను కదిలించే పంపు) ఒక్కసారే ఆగుతాయి, నీళ్ళు కదలవు. అలాంటి ఒక రాత్రి ఫోను లైటు వేసి చూస్తూ కూర్చున్నాను. థర్మామీటరులో 29 దాటింది. ఎప్పుడూ రాళ్ళ మధ్య వేలాడే ఫైర్‌ఫిష్ నీటి అంచుకు వచ్చి నోరు ఆడిస్తోంది. క్లౌన్ చేపల మొప్పలు లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా కొట్టుకుంటున్నాయి. ఇంకో రెండు చేపలుంటే ఆ రాత్రి గడిచేది కాదు. నా ట్యాంకులో ఎన్ని చేపలుండాలో తేల్చేది ఆ గంటే, అన్నీ నడుస్తున్న జనవరి సాయంత్రం కాదు.

ఇప్పుడు వేవ్‌మేకరు ఇన్వర్టర్ మీద నడుస్తుంది. అది లాగే కరెంటు చాలా తక్కువ, రాత్రంతా ఢోకా లేదు. నీళ్ళను చల్లబరిచే చిల్లర్‌ను ఇంట్లో ఇన్వర్టర్ మోయలేదు కాబట్టి ఆ ఖర్చు పెట్టలేదు. నీటి మీదికి ఒక చిన్న ఫ్యాను తిప్పాను, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. చెన్నైలో ఉండే స్నేహితుడికి ఇదే ఫ్యానుతో ఒక డిగ్రీ దిగడం కూడా గగనం. అక్కడి గాలిలో తేమ ఎక్కువ, మన ఎండాకాలపు గాలి పొడి. ఎండలు మనకు చేసే మేలు ఇదొక్కటే అనుకుంటా! ఫ్యాను వల్ల రోజుకు కొన్ని లీటర్ల నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉంటుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్ళే పోయాలి.

పులికాట్ మన జిల్లాలోనే ఉంది కదా, అక్కడి నీళ్ళు తెచ్చి పోయొచ్చుగా అని అడిగేవాళ్ళున్నారు. అది సరస్సు. వానాకాలంలో ఏటి నీళ్ళు కలిసి ఉప్పు తగ్గిపోతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది. ప్యాకెట్ ఉప్పు కలుపుకుని 1.025 సాంద్రత చూసుకోవడమే నయం.

చోటు గొడవ కూడా ఈ లెక్కకు తెలియదు. క్లౌన్ చేపలు రెండుంటే పెద్దది ఆడదవుతుంది, చిన్నది మగదిగా ఉండిపోతుంది. పెద్దది దగ్గరికి వస్తే చిన్నది పక్కకు ఒరిగి ఒళ్ళంతా వణికిస్తుంది, 'నీదే పెత్తనం' అన్నట్టు. అంతటితో గొడవ ఆగిపోతుంది. తెలిసినవాళ్ళ ట్యాంకులో మూడోది వేశారు. లీటర్ల ప్రకారం దానికి బోలెడు చోటుంది. వారం తిరక్కముందే అది తోక అంచు చిరిగిపోయి, పంపు వెనక సందులో తల దూర్చుకుని ఉంది. డామినో డ్యామ్సెల్ అనే చేప సంగతి ఇంకా ఘోరం. చవగ్గా దొరుకుతుంది, కొనేటప్పుడు అంగుళమే ఉంటుంది, కొన్నాళ్ళకు రాళ్ళగుట్టంతా తనదే అంటుంది. శాంతంగా ఉండేవాటిని ముందు, పొగరుబోతును చివర్లో వేయాలి. మొదటి చేపకు ముందు ట్యాంకును నాలుగు నుంచి ఆరు వారాలు ఖాళీగా నడిపించి, అమ్మోనియాను తినే బాక్టీరియాను పెరగనివ్వాలి. చేపకూ చేపకూ మధ్య కూడా కొన్ని వారాలు ఆగాలి. సముద్రపు నీళ్ళ పీహెచ్ 8 దాటి ఉంటుంది కాబట్టి అదే కొంచెం అమ్మోనియా మంచినీళ్ళలోకంటే ఇక్కడ ఎక్కువ విషం.

మేత దగ్గర ఇంట్లోవాళ్ళతో పేచీ తప్పదు. అమ్మ దృష్టిలో చేప ఎప్పుడూ ఆకలితోనే ఉంటుంది. "పాపం, నోరు తెరుస్తోంది కదరా" అంటుంది. నాలుగు చేపలకు రోజుకోసారి వేస్తే నీళ్ళలో నైట్రేట్ (మేత, మలం కుళ్ళాక చివరికి మిగిలేది) 15 పీపీఎం దగ్గర నిలిచేది. అమ్మ చేతిలో డబ్బా పడిన నెల 40 చూపించింది, అవే నాలుగు చేపలతో. వారానికోసారి పరీక్ష కిట్టుతో చూడటం, రెండు వారాలకోసారి పదిహేను శాతం నీళ్ళు మార్చడం నా పద్ధతి. ఆ పద్ధతిలో నైట్రేట్ 20 దాటకుండా ఉంటేనే ఇంకో చేప గురించి ఆలోచిస్తాను. కొనేముందు టేపు పట్టుకోవడం కన్నా ఈ కిట్టు కొనడం ముఖ్యం.

ప్రస్తుతం మా ట్యాంకులో క్లౌన్ జంట, ఒక ఫైర్‌ఫిష్, ఒక గోబీ ఉన్నాయి. అంగుళాలు కూడితే పన్నెండు. ఈ లెక్క ఇచ్చిన తొమ్మిదిన్నర కన్నా ఎక్కువే. గోబీ, ఫైర్‌ఫిష్ రెండూ సన్నటి ఒళ్ళున్నవి, వేవ్‌మేకరుకు ఇన్వర్టర్ ఉంది, అందుకే ఆ ధైర్యం. ఇన్వర్టర్ లేకపోతే క్లౌన్ జంటతోనే ఆపేవాణ్ణి.

మా బావమరిది చిత్తూరులో రెండడుగుల ట్యాంకు పెట్టాడు. రాళ్ళు పోను 40 లీటర్లు. లెక్క ప్రకారం రెండంగుళాలు. "ఒక చిన్న గోబీ, ఒక పిస్టల్ రొయ్య పెట్టుకో" అన్నాను. "ఒక్క చేపకా బావా ఇంత ఖర్చు!" అని రెండ్రోజులు మాట్లాడలేదు. రొయ్య ఇసుకలో బొరియ తవ్వడం, గోబీ గుమ్మంలో కాపలా కాయడం, చూపు సరిగ్గా లేని రొయ్య ఒక మీసాన్ని ఎప్పుడూ గోబీ మీదే ఆనించి ఉంచడం చూశాక దారికొచ్చాడు. ఇప్పుడు కొత్త ప్రశ్న, రొయ్య అంగుళాల్లోకి వస్తుందా రాదా అని. రాదు, దానికి వేసే మేత మాత్రం వస్తుంది.