నెలంటే 28 రోజులేనా? వరంగల్‌లో ప్రీపెయిడ్ సేవల మంచిచెడ్డలు

హన్మకొండ చౌరస్తాలోనో పరకాల బస్టాండు పక్కనో రీచార్జ్ దుకాణం ముందు పావుగంట నిలబడితే ఒకే మాట నాలుగైదు గొంతుల్లో వినబడుతుంది: “మొన్ననే గద వేయించిన, అప్పుడే అయిపోయిందా?” అయిపోయింది. దుకాణాయన మోసం చేయలేదు, ఫోను తప్పూ కాదు. ప్రీపెయిడ్‌లో పైసలు ముందు మనం కడతాం, గడువు కంపెనీ లెక్కపెడుతుంది. సిగ్నల్ బాధ ఎట్లాగూ ఉంది గానీ, జనాన్ని ఎక్కువగా విసిగించేది ఈ గడువుల లెక్కే. అందుకే ఇక్కడ స్పీడు ముచ్చట తక్కువ, లెక్కల ముచ్చట ఎక్కువ.

నెల ప్లాన్ అని అందరూ పిలిచేది 28 రోజుల ప్లాన్. ఏడాదిలో అట్లాంటివి 13 పడతాయి. 199 రూపాయల ప్లాన్‌నే తీసుకుంటే పన్నెండుసార్లకు 2,388, పదమూడుసార్లకు 2,587. ఆ పదమూడో రీచార్జ్ ఎవరి ఇంటి లెక్కలోనూ ఉండదు. మూడు నెలలది అనుకునే 84 రోజుల ప్లాన్ అసలు మూడు నెలలకు వారం దాకా తక్కువ. 336 రోజుల ప్లాన్‌ను ఏడాది ప్లాన్ అనుకుని వేయించుకుంటే 29 రోజులు మళ్లీ చేతి నుంచి పెట్టుకోవాలి. ఈ గోలంతా చూసి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ఒక నిబంధన పెట్టింది: ప్రతి కంపెనీ 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్లాన్, ప్రతి నెలా అదే తేదీన రీచార్జ్ చేసుకునేట్టు ఇంకొకటి ఉంచాలి. ఉంచాయి కూడా. కానీ యాప్ తెరవగానే కంటికి కనబడేవి అవి కావు. “30 రోజులది ఉందా, తేదీ మారనిది ఉందా” అని నోరు తెరిచి అడగాలి.

ఊళ్లో అమ్మకో బాపుకో బటన్ల ఫోను ఉంటే, దాంట్లో రోజుకు జీబీన్నర నెట్ వేయించడం శుద్ధ దండగ. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చి, మాటలకూ ఎస్ఎంఎస్‌లకూ మాత్రమే పనికొచ్చే వోచర్ తప్పనిసరి చేసింది. అప్పటిదాకా 90 రోజులకే పరిమితమైన ప్రత్యేక వోచర్ల గడువును 365 రోజుల దాకా పెంచింది. 2025 జనవరిలో అవి వచ్చాయి. 84 రోజులవి 448 నుంచి 470 మధ్య, ఏడాదికి అటూఇటూ ఉన్నవి 1,748 నుంచి 1,849 మధ్య. 365 రోజులకు 1,849 అంటే రోజుకు అయిదు రూపాయల చిల్లర. 199 ప్లాన్‌లో అదే రోజుకు ఏడు రూపాయలు దాటుతుంది. ఏడాదికి మిగిలేది 738 రూపాయలు. ధరలు మారుతుంటాయి, వేయించే రోజు మళ్లీ చూసుకోండి. ఈ ప్లాన్‌లో నెట్ అసలు ఉండదు కాబట్టి వాట్సాప్ చూసేవాళ్లకు పెట్టకండి. ఇంకోమాట, జియోకు 2జీ లేదు. పాత 2జీ ఫోనులో ఆ సిమ్ పనిచేయదు, ప్లాన్ ఎంత చవకైనా సరే.

పది రూపాయల టాప్-అప్ వేస్తే 7.47 వస్తుంది. దుకాణంలో చాలా గొడవలు దీనికే. లెక్క ఇది: 18 శాతం జీఎస్టీ తీసేస్తే 8.47, అందులోంచి ప్రాసెసింగ్ ఫీజు ఒక రూపాయి. ఇరవైకి 14.95, వందకు 81.75. ఫీజు వాటిల్లో రెండు, మూడు రూపాయలు.

ఈ చిల్లర లెక్క రెండో సిమ్ ఉన్నవాళ్లకు బాగా అక్కరకొస్తుంది. బ్యాంకుకూ ఆధార్‌కూ లింకయి, డ్రాయర్లో పడున్న ఫోనులో ఉండే నంబరు గురించి చెబుతున్నాం. కాల్, ఎస్ఎంఎస్, నెట్ ఏదీ వాడకుండా 90 రోజులు గడిస్తే కంపెనీ ఆ నంబరును తీసేయొచ్చు. మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే మాత్రం తీసేయకూడదు. ఆ ఇరవై కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచాలి. ఇది 2013 నుంచి ఉన్న నిబంధన. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: 20 రూపాయల టాప్-అప్ వేస్తే బ్యాలెన్స్ ఇరవై కాదు, 14.95. రెండు వేస్తేనే 29.90 అవుతుంది. పైగా నంబరు బతికుండడం వేరు, ఫోను మోగడం వేరు. ప్లాన్ గడువు లేకుంటే ఇన్‌కమింగ్ కూడా ఆగిపోవచ్చు, ఓటీపీ రాకపోవచ్చు. బ్యాంకు నంబరు అయితే ఈ ఇరవై రూపాయల కిటుకును నమ్ముకోకుండా మాటల ప్లాన్ వేయించడమే మేలు. తీసేసిన నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇస్తారు. మీ బ్యాంకు ఓటీపీలు అప్పుడు వాళ్ల ఫోనులో మోగుతాయి.

రోజువారీ నెట్ కోటా రాత్రి 12కు తిరిగి మొదలవుతుంది, వాడనిది మురిగిపోతుంది. కోటా దాటితే చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వాట్సాప్‌లో రాత పోతుంది, ఫొటో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఎనుమాముల మార్కెట్లో హమాలీకి ఫోన్‌పే కొడితే పైసలు పోయాయో లేదో తెలియక ఇద్దరూ తెరను చూస్తూ నిలబడతారు. అట్లాంటప్పుడు *99# డయల్ చేస్తే చాలా సిమ్‌లలో నెట్ లేకుండానే యూపీఐ నడుస్తుంది. మెనూ నెమ్మది, కానీ పని అవుతుంది.

“అన్‌లిమిటెడ్ 5జీ” అనే మాట దగ్గర కాస్త ఆగాలి. 2024 జులై ధరల పెంపు నుంచి జియో, ఎయిర్‌టెల్ ఎక్కువగా రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే దాన్ని ఇస్తున్నాయి. అదీ ఫోను నిజంగా 5జీ టవర్ మీద ఉన్నంతసేపే. 5జీ ఎక్కువగా నడిచే 3500 మెగాహెర్ట్జ్ బ్యాండ్ గోడల్లోంచి సరిగా లోపలికి రాదు. పాత హన్మకొండ ఇరుకు గల్లీల్లో, కింది అంతస్తు గదుల్లో ఫోను 5జీకీ 4జీకీ మధ్య ఊగిసలాడుతుంది. 4జీకి దిగిన ప్రతిసారీ మీ రెండు జీబీల కోటానే తింటుంది. “అన్‌లిమిటెడ్ అన్నరు, మధ్యాహ్నానికే అయిపోయింది” అనే ఫిర్యాదుకు ఎక్కువగా కారణం ఇదే. సెట్టింగ్స్‌లో ఇష్టమైన నెట్‌వర్క్‌ను 4జీకి మార్చి ఒకరోజు చూడండి. బ్యాటరీ నిలిచి, కోటా మాత్రం ముందులాగే అయిపోతుంటే మీ ఇంట్లో 5జీ పేరుకే ఉందని అర్థం. అట్లాంటి ఇంటికి ఆ ప్లాన్ ఎందుకు?

సిగ్నల్ గీతలను నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో *#*#4636#*#* కొట్టి ఫోన్ సమాచారంలోకి వెళ్తే సిగ్నల్ బలం చెప్పే డీబీఎం అంకె కనబడుతుంది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు. 4జీలో మైనస్ 90 లోపు ఉంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే కాల్ తెగుతుంది, మైనస్ 120 దగ్గర ఫోను ఉన్నా లేనట్టే. సిమ్ మార్చే ముందు పక్కింటాయన ఫోనులో, మీరు పడుకునే గదిలో, తలుపు వేసి ఈ అంకె చూడండి. దుకాణాయన చెప్పే “ఫుల్ టవర్” రోడ్డు మీదిది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ పెట్టుకోవచ్చు, అదనపు ఖర్చు లేదు.

అంకె బాగుండి కూడా కాల్ కలవకపోతే అది రద్దీ. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారిలో ఇదే జరుగుతుంది. బండ్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చినా గద్దెల దగ్గరి జనానికి చాలవు. గీతలు నిండుగా ఉంటాయి, కాల్ పోదు. గీతలు చెప్పేది టవర్ ఎంత గట్టిగా వినబడుతోందో, అందులో మీకు చోటుందో లేదో కాదు. అట్లాంటి చోట మళ్లీమళ్లీ డయల్ చేయడం కంటే ఎస్ఎంఎస్ పంపి వదిలేయడం నయం.

కాళేశ్వరం, మహదేవ్‌పూర్ వైపు బాధ వేరే. నది అవతల సిరొంచ మహారాష్ట్ర సర్కిల్ (టెలికం కంపెనీల సేవా ప్రాంతాన్ని సర్కిల్ అంటారు). ఒడ్డున ఉన్న ఫోను అవతలి టవర్‌ను పట్టుకుంటుంది. రోమింగ్‌కు ఇప్పుడు ప్లాన్లలో పైసలు కోయరు గానీ, కొన్ని ఫోన్లలో డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ ఆగిపోతుంది, ప్లాన్ అయిపోయిందనుకుని మళ్లీ రీచార్జ్ చేస్తారు. గీతల పక్కన ఆర్ అక్షరం ఉందేమో చూసి డేటా రోమింగ్ పెట్టండి, లేదా నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి ఇవతలిది ఎంచుకోండి. సర్కిల్ మాట వచ్చింది కాబట్టి: తెలంగాణకు విడిగా టెలికం సర్కిల్ లేదు, ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలే. రీచార్జ్ యాప్ సర్కిల్ అడిగితే దాన్నే నొక్కాలి. నంబరు వేరే కంపెనీకి పోర్ట్ చేసి ఉంటే యాప్ పాత కంపెనీనే చూపించొచ్చు, చేత్తో మార్చుకోవాలి. తప్పు నంబరుకు పడ్డ రీచార్జ్ వెనక్కి రావడం దాదాపు ఉండదు.

యూపీఐలో పైసలు కట్ అయి రీచార్జ్ పడకపోతే గాభరాపడి వెంటనే రెండోసారి వేయకండి. లావాదేవీ వివరాల్లో 12 అంకెల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోండి. 2019 రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దుకాణదారుకు చేరని యూపీఐ సొమ్ము లావాదేవీ తర్వాత 5 రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ వంద అడిగేవాళ్లు లేరు కాబట్టే చాలామందికి రాదు.

టవర్ పడిపోయినప్పుడు పరిహారం కావాలంటే? ట్రాయ్ 2024 నాణ్యత నిబంధనల ప్రకారం జిల్లా స్థాయిలో సేవలు 24 గంటలు దాటి ఆగితే ప్రీపెయిడ్ వాళ్లకు గడువు పొడిగించాలి. మెలిక “జిల్లా స్థాయి” అనే మాటలో ఉంది. మంగపేటలో ఒక్క టవర్ మూడు రోజులు పడుకుంటే ఆ లెక్కలోకి రాదు. కాల్ తెగితే రూపాయి, రోజుకు మూడు దాకా ఇవ్వాలన్న పాత నిబంధనను సుప్రీంకోర్టు 2016 మేలో కొట్టేసింది. ఇంకా అది ఉందనుకునేవాళ్లు చాలామంది.

బీఎస్ఎన్ఎల్ సంగతి: 2024 జులైలో మిగతావాళ్లు ధరలు పెంచినప్పుడు పెంచలేదు, సొంత 4జీని దేశమంతటా 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు. పాత సిమ్ అయితే 4జీ సిమ్‌గా మార్చుకోవాలి, ఫోను 700 మెగాహెర్ట్జ్ పట్టేదైతే మేలు. రెండో సిమ్‌కు మా ఓటు దానికే. మొదటి సిమ్‌గా మాత్రం మీ ఊళ్లో డీబీఎం చూశాకే.

కంపెనీ మారాలంటే పోర్ట్ అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు పంపాలి. ప్లాన్ లేకపోయినా ఈ ఎస్ఎంఎస్ పోనివ్వాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, మన సర్కిల్లో నాలుగు రోజులే చెల్లుతుంది. ఆలోగా కొత్త సిమ్‌కు వేలిముద్ర పెట్టాలి, మూడు పనిదినాల్లో మారుతుంది. కోడ్ రాకపోతే కారణం సాధారణంగా ఈ రెండే: ఈ కంపెనీలో చేరి 90 రోజులు కాలేదు, లేదా పాత సిమ్ పోయి కొత్తది తీసుకుని ఏడు రోజులు నిండలేదు. రెండోది 2024 జులై 1 నుంచి వచ్చింది. మిగిలిన గడువూ బ్యాలెన్సూ కొత్త కంపెనీకి రావు, కాబట్టి ప్లాన్ చివరి వారంలో పంపండి. రోడ్డు పక్కన గొడుగు కింద సిమ్ ఇచ్చేవాళ్ల దగ్గర “వేలు పడలేదు, మళ్లీ పెట్టండి” అంటే పెట్టే ముందు తెర చూడండి. రెండో వేలిముద్రకు రెండో సిమ్ పుట్టొచ్చు. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరిట ఎన్ని నంబర్లున్నాయో కనబడుతుంది, మీది కానిదాన్ని అక్కడే చెప్పొచ్చు.

ఫిర్యాదుకు 198, ఉచితం. ఆ కాల్‌కు డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఎస్ఎంఎస్‌లో రావాలి. రాకపోతే ఫిర్యాదు పుట్టనట్టే, నంబరు చదివించుకుని రాసుకున్నాకే ఫోను పెట్టేయండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో అదే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్లొచ్చు, రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్‌కు రాసి కూర్చుంటే లాభం లేదు, విడి ఫిర్యాదులు అది తీర్చదు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికం కేసులు అక్కడ వేయొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పింది, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. వెళ్లేటప్పుడు డాకెట్ ఎస్ఎంఎస్‌లు, రీచార్జ్ రసీదు తెరఫొటోలు తేదీల వరుసలో ప్రింటు తీసుకెళ్లండి. ఫోను మార్చేటప్పుడు ఆ ఎస్ఎంఎస్‌లు పోతాయి, బ్యాకప్ పెట్టుకోండి.