నమ్మకం అడగని మూడు చర్చిలు: ఏది మేలు?

గుంటూరులో లూథరన్ కుటుంబంలో పుట్టి పెరిగిన నా స్నేహితురాలు ఉద్యోగం మీద శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి రెండేళ్లయింది. ఆరాధనలో అందరూ కలిసి తమ నమ్మకాన్ని ప్రకటించే విశ్వాస ప్రమాణం చెప్పడానికి ఇప్పుడు నోరు రావడం లేదంటుంది. అయినా ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చుంటే ఏదో వెలితి. పాట కావాలి, నలుగురూ కావాలి. ఆమెలాంటి వాళ్లు ఈ దేశంలో తక్కువేమీ కాదు. 2023లో ప్యూ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వేలో మతం వద్దు గానీ ఆధ్యాత్మికత కావాలనే కోవకు చెందినవారు పెద్దవాళ్లలో 22 శాతం ఉన్నారు. అలాంటి వారిని మనసారా రమ్మనే చర్చిలు ఈ ఊళ్లో నాకు తెలిసి మూడున్నాయి. మూడింటిలోనూ కూర్చుని వచ్చాను. గుమ్మంలో ఎవరూ నీ నమ్మకమేమిటని అడగరు. మరి దానికి బదులు ఏమి అడుగుతారన్నదే నేను చూసుకున్నాను.

నాబ్ హిల్ మీది గ్రేస్ కెథెడ్రల్ ఏమీ అడగదు. ఎపిస్కోపల్ (అమెరికాలోని ఆంగ్లికన్ శాఖ) వారి ఆ పెద్ద చర్చిలో నేల మీద పదకొండు వలయాల నడకదారి ఉంది. ఫ్రాన్సులోని షార్ట్ర్ చర్చిలో ఉన్న మధ్యయుగాల నాటి దారిని చూసి చేసిన నకలు అది. 1991లో లారెన్ ఆర్ట్రెస్ అనే మతగురువు మొదట దాన్ని గుడ్డ మీద వేయించి పరిచారు, తర్వాత రాతితో నేలలోనే పొదిగారు. చూస్తే పద్మవ్యూహంలా ఉంటుంది గానీ దారి ఒక్కటే, తప్పిపోయే మలుపు ఒక్కటీ లేదు. నేను చెప్పులు విడిచి నడిచాను. పక్క వలయంలో ఒకాయన భుజం తగిలేంత దగ్గరగా వచ్చి, మరుక్షణం దూరంగా వెళ్లిపోయాడు. మనసు నిజంగానే నెమ్మదించింది. అయితే వెళ్లిన మూడుసార్లూ నాతో ఎవరూ మాట్లాడలేదు. పైగా ఆదివారం ఆరాధనలో విశ్వాస ప్రమాణం ఉండనే ఉంది. ఒంటరిగా ప్రశాంతత కోరేవారికి ఇంతకు మించిన చోటు లేదు. తోడు కోసం వచ్చేవారికి చాలదు.

ఫ్రాంక్లిన్ వీధిలోని యూనిటేరియన్ సంఘం 1850 నాటిది. త్రిత్వాన్ని కాదని, దేవుడు ఒక్కడే అన్న క్రైస్తవులతో మొదలైన శాఖ ఇది. ఈ పేరు మనకు కొత్తదేమీ కాదు. రామమోహన్ రాయ్ 1820ల్లోనే కలకత్తాలో యూనిటేరియన్లతో కలిసి పనిచేశారు. ఆయన నాటిన బ్రహ్మసమాజపు గాలే తర్వాత మన వీరేశలింగం గారి దాకా వీచింది. ఇక్కడ విశ్వాస ప్రమాణమే లేదు. బౌద్ధుడు, నాస్తికుడు, బైబిలు చదివేవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. సభ్యులు పుస్తకంలో సంతకం చేస్తారు, సంఘకాపరిని తామే ఓటు వేసి పిలుచుకుంటారు, బడ్జెట్టూ తామే తేల్చుకుంటారు. అంటే ఇక్కడ అడిగేది మన మాట, మన సమయం. వీరి సంఘాల్లో చాలాచోట్ల ఎవరి సుఖమో దుఃఖమో నలుగురి ముందు చెప్పి దీపం వెలిగించే ఆచారం ఉంది. భర్త పోయిన ఏడాదికి ఒక పెద్దావిడ వణికే చేత్తో దీపం ముట్టించడం చూశాను; రెండో పుల్లకు గానీ అంటుకోలేదు. హాలంతా ఆగింది. ప్రసంగం మాత్రం కాలేజీ ఉపన్యాసంలా సాగుతుంది, పాట పల్చన.

పాట కావాలంటే మూడోదైన గ్లైడ్ చర్చికే వెళ్లాలి. నగరంలో నిరుపేదలు ఎక్కువగా ఉండే టెండర్‌లాయిన్ పేటలో ఉంది. 1963లో అక్కడికి వచ్చిన సెసిల్ విలియమ్స్ అనే నల్లజాతి సంఘకాపరి, 1967లో వేదిక మీది సిలువనే తీయించేశారు. అది చావుకు గుర్తు, మనం బతుకును పండుగ చేసుకోవాలి అన్నది ఆయన వాదన. స్వలింగ సంపర్కుల మాట ఎత్తడానికే చర్చిలు జంకిన రోజుల్లో వారికి తలుపు తెరిచిన చోటు ఇది. తాను అప్పటిదాకా భాగమైన మెథడిస్టు అనే ప్రొటెస్టెంట్ శాఖతో తెగతెంపులు 2020లో పూర్తయ్యాయి. ఆదివారం గాయక బృందం పాడుతుంటే చప్పట్లు కొట్టకుండా కూర్చోవడం ఎవరి తరమూ కాదు. కానీ నా చుట్టూ ఉన్నవారిలో సగం మంది ఊరు చూడటానికి వచ్చినవారే, వచ్చే వారం మళ్లీ కనిపించరు.

గ్లైడ్ అసలు రూపం వారం మధ్యలో, కింది భోజనశాలలో తెలుస్తుంది. వచ్చినవారికల్లా ఉచితంగా అన్నం పెడతారు. ఇక్కడ అడిగేది చేతులు. పళ్లెంలో చిక్కుళ్ల కూర వడ్డించి అందిస్తే ఒక ముసలాయన కదలకుండా నిలబడి, "నీ పేరు చెప్పలేదు" అన్నాడు. చెప్పాను. రెండు వారాల తర్వాత వెళితే ఆ పేరుతోనే పిలిచాడు. గ్రేస్‌లో మూడుసార్లు నడిచినా దొరకనిది అది.

కాబట్టి నా ఓటు గ్లైడ్‌కే, అయితే వంటశాల వైపు నుంచి. ఏడాది గడిచాక సభ్యురాలిగా స్థిరపడాలనిపిస్తే యూనిటేరియన్ పుస్తకంలో సంతకం చేయవచ్చు. వచ్చే గురువారం పొద్దుటి వడ్డనకు మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను. నేల తడిగా ఉంటుంది, జారని బూట్లు వేసుకు రమ్మని ఆమెకు చెప్పాను.