గోరింటాకా, నీలిమందా, డబ్బా రంగా? తెల్లజుట్టుకి ఏది మేలు?

పోయిన నెల మా ఆడపడుచు కడప నుంచి బెంగళూరు వచ్చింది. మారతహళ్ళిలో బస్సు దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకముందే నా పాపిట వైపు చూసి, "ఏం వదినా, తలకి రంగెయ్యడం మానేసినావా?" అంది. మానలేదు, మార్చానని చెప్పాను. ఆమె సంచిలో ఒక ప్యాకెట్ ఉంది. పైన పచ్చటి ఆకు బొమ్మ, ఎర్రగా పండిన అరచెయ్యి, కింద పెద్ద అక్షరాల్లో 'బ్లాక్ హెన్నా'. "ఇది ఆకేలే, కెమికల్ కాదు. అరగంటలో నల్లగా అయిపోతాది" అంది.

ప్యాకెట్ వెనక్కి తిప్పి ఆమె కళ్లద్దాలు ఆమెకే ఇచ్చి చదవమన్నాను. ఆవగింజంత అక్షరాల్లో ఉంది: పారా ఫినిలీన్ డయమీన్. డబ్బా రంగుల్లో నలుపు తెచ్చేది ఎక్కువగా ఈ మందే. పొట్టిగా పీపీడీ అంటారు.

ఈ విషయంలో ముందుగా తెలియాల్సింది ఒకటే. నల్ల గోరింటాకు అనేది లేదు. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం పేరు లాసోన్. అది చర్మంలోనూ వెంట్రుకలోనూ ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుని నారింజ, ఎరుపు, మహా అయితే ముదురు గోధుమ ఎరుపు ఇస్తుంది. అంతకు మించి దాని వల్ల కాదు. కాబట్టి ఆకు పేరుతో అమ్మే పొడి అరగంటలో నలుపు తెచ్చిందంటే, అందులో ఆకు పేరుకే ఉంది, పని చేసింది రంగు మందు.

ఈ సంగతి నాకు కష్టపడి తెలిసింది. నాలుగేళ్ల కిందట నేనూ అలాంటి ప్యాకెట్టే వాడాను. మొదటి మూడుసార్లు ఏమీ కాలేదు. నాలుగోసారి రాసుకున్న మర్నాడు సాయంత్రం చెవుల వెనక దురద మొదలైంది. మూడోరోజు పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బిపోయి కళ్లు సన్నగీతల్లా ఉన్నాయి. మాడంతా చెమ్మ కారింది. స్కిన్ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "తలకి ఏం రంగు వేసుకున్నారు?" రంగు కాదు డాక్టర్, గోరింటాకు అన్నాను. ఆవిడ ప్యాకెట్ తెమ్మన్నారు. ఈ ఎలర్జీ మొదటిసారే రావాలని లేదు. ఎన్నో ఏళ్లు వాడాక కూడా మొదలవుతుంది, ఒకసారి మొదలైతే జీవితాంతం ఉంటుంది.

అందుకే 'సహజమా, కెమికలా' అని పోల్చడం నాకు అక్కరకు రాలేదు. ఆ రెండు మాటలూ ప్యాకెట్ ముందువైపు కోసం రాసేవి. నిజంగా మన ముందున్నవి మూడు దారులు: స్వచ్ఛమైన గోరింటాకు ఒక్కటే, గోరింటాకు మీద నీలిమందు ఆకు, లేదా రంగు అని ఒప్పుకుని అమ్మే డబ్బా డై. రంగే వద్దనుకుని తెల్లగా వదిలేసిన స్నేహితురాళ్లు ఇద్దరున్నారు నాకు, చూడ్డానికి ఎంతో బాగుంటారు. కానీ ఇది రంగు కావాలనుకునే వాళ్ల కోసం రాస్తున్నది.

డబ్బా డైని తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు. తల మూడొంతులు తెల్లబడినవాళ్లకి, మొదళ్ల నుంచి చివర్ల దాకా ఒకే రంగు రావాలంటే దానికి సాటి లేదు. ముప్పై, నలభై నిమిషాల్లో పని అయిపోతుంది. నలుపే కాదు, ముదురు గోధుమ నుంచి వంకాయ రంగు దాకా ఏది కావాలంటే అది. అది పనిచేసే తీరు ఇదీ: అమోనియా వెంట్రుక పైపొరని ఉబ్బించి తెరుస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ లోపల ఉన్న అసలు రంగుని కొంత పలచన చేసి, కొత్త రంగుని లోపలే తయారయ్యేలా చేస్తుంది. లోపల తయారైంది కనక కడిగితే పోదు. పొర తెరిచి మూసిన వెంట్రుక కనక గరుకెక్కుతుంది. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకేచోట ఉన్నాయి.

పార్లర్‌లో "అమోనియా ఫ్రీ మేడమ్, ఏం కాదు" అంటారు. అమోనియా బదులు ఇథనోలమీన్ వేస్తారు. ఘాటు వాసన ఉండదు, కళ్లు మండవు, అంతవరకు నిజం. కానీ పెరాక్సైడ్ అలాగే ఉంటుంది, పీపీడీ కూడా చాలావాటిలో అలాగే ఉంటుంది. ఎలర్జీ తెచ్చేది అమోనియా కాదు, పీపీడీ. యూరప్‌లో తలకి రాసే మిశ్రమంలో అది 2 శాతం దాటకూడదని నియమం ఉంది. మన దగ్గర డబ్బా మీద హెచ్చరిక ఉంటుంది: ముందు చర్మం మీద కొంచెం రాసి చూడాలి, కనుబొమలకీ రెప్పలకీ వాడకూడదు, చూపు పోవచ్చు అని. ఆ రెండో మాట కోసమైనా ఆ అక్షరాలు చదవాలి. కనుబొమల్లో రెండు తెల్లవెంట్రుకలు కనబడగానే మిగిలిన రంగు అక్కడ పూసేసే అలవాటు చాలామందికి ఉంది.

ఇంకో సంగతి, పార్లర్‌లో మనకి రంగు వేసే అమ్మాయిల గురించి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన నివేదికలో, ఇంట్లో రంగు వేసుకునేవాళ్ల విషయంలో ఏ నిర్ణయానికీ రాలేమని, రోజంతా ఈ పనిలో ఉండే క్షౌరవృత్తి వాళ్లకి మాత్రం ముప్పు ఉండే అవకాశం ఉందని చెప్పింది. మా వీధి పార్లర్‌లో పిల్ల ఒట్టి చేతులతో రంగు కలుపుతుంటే నేను ఆపి గ్లవ్స్ వేసుకోమంటాను. మీరూ అనండి.

ఇక గోరింటాకు. బెంగళూరులో దాన్ని మెహందీ అంటేనో, మదరంగి పుడి అంటేనో ఇస్తారు. బసవనగుడి గాంధీబజార్ వైపు పూజ సామాన్లు, మూలికలు అమ్మే గ్రంథిగె అంగళ్లలో అడుగుతాను. రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వచ్చేదైతే మంచిది, 2021లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్యాకెట్ వెనక పదార్థాల పేరు ఒక్కటే ఉండాలి. రెండో పేరు కనబడితే కింద పెట్టేస్తాను.

మన ఊళ్లో ఎండాకాలం ముద్ద కలిపి పెడితే రెండు మూడు గంటల్లో రంగు దిగుతుంది. 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబర్‌లో రాత్రంతా పెట్టినా దిగదు. మొదట్లో నా జుట్టుకి రంగు పట్టకపోవడానికి కారణం అదేనని చాలా రోజులకి గ్రహించాను. ఇప్పుడు గోరువెచ్చటి టీ డికాక్షన్, కొంచెం నిమ్మరసం వేసి కలిపి, గిన్నె మూతపెట్టి ఫ్రిజ్ వెనక వెచ్చటి చోట ఉంచుతాను. అరచేతిలో చిటికెడు ముద్ద పెట్టి అయిదు నిమిషాల తర్వాత తుడిస్తే నారింజ మచ్చ కనబడాలి. కనబడితే తయారైనట్టు. పెరుగు, గుడ్డు, నూనె కలిపితే జుట్టు మెత్తగా అనిపిస్తుంది గానీ రంగు పలచబడుతుంది. తలంటుకున్న పొడి జుట్టుకి రెండు మూడు గంటలు ఉంచితే చాలు. ఫలితం మాత్రం ముందే తెలుసుకోండి: నల్లవెంట్రుకలు నల్లగానే ఉండి ఎండలో ఎర్రగా మెరుస్తాయి, తెల్లవి రాగితీగల్లా అవుతాయి. నాకు ఆ రాగిరంగు ఆఫీసుకి నచ్చలేదు. మా అత్తగారికి అదే ఇష్టం.

రాగి నచ్చనివాళ్లకి రెండో అంచె నీలిమందు. దీని మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. కుంఫిణీ రోజుల్లో మా కడప, నెల్లూరు వైపు పొలాల్లో ఇది విస్తారంగా పండేది, ఇక్కణ్ణుంచి ఓడలెక్కేది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చాక ఆ సాగు చచ్చిపోయింది. ఇప్పుడు తలరంగు పేరుతో మళ్లీ మన ఇళ్లకి వస్తోంది.

ఆకులో నీలిరంగు ముందే ఉండదు. రంగులేని పదార్థం ఒకటి ఉండి, తడి, గాలి తగిలాక నీలిగా మారుతుంది. అందుకే గోరింటాకులా నానబెట్టకూడదు. పచ్చటి పొడిలో గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి గరిటెజారుగా కలిపి, పది పదిహేను నిమిషాలాగండి. గిన్నెలో పైపొర నీలంగా తిరుగుతూ, ముద్ద బఠాణీలు ఉడికిన వాసన వేస్తుంది. అప్పుడే రాసెయ్యాలి. గంటసేపు ఆలస్యమైతే ఆ ముద్ద వృథా. గోరింటాకు కడిగేసిన తడిజుట్టుకి పట్టించి గంటన్నర ఉంచి, ఒట్టి నీళ్లతో కడగాలి, షాంపూ రెండురోజులు ముట్టుకోకూడదు. కడిగిన వెంటనే జుట్టు కొంచెం పచ్చగా కనబడితే కంగారుపడకండి, మర్నాటికి నల్లబడుతుంది. కానీ గోరింటాకు వెయ్యకుండా తెల్లజుట్టుకి నీలి ఒక్కటే వేస్తే మాత్రం నిజంగానే నీలిపచ్చగా మిగులుతుంది. నారింజ మీద నీలం పడితేనే నలుపు.

దీని కష్టం దాచను. ఆదివారం సగం దీనికే పోతుంది. బాత్రూమ్ గోడల మీద మరకలు. పైగా ఇక్కడ ట్యాంకర్ నీళ్లు, బోరు నీళ్లు ఉన్న అపార్ట్‌మెంట్లలో గట్టి నీళ్ల వల్ల జుట్టు పీచులా అవుతుంది, ఏ రంగు వేసినా ఈ బాధ తప్పదు. ఆఖరి రెండు చెంబులు మాత్రం ఫిల్టర్ నీళ్లతో పోసుకుంటాను, తేడా తెలుస్తుంది.

నా లెక్క ఇదీ. పాపిట దగ్గర, కణతల దగ్గర మాత్రమే నెరిసిందా, ఆదివారం చేతిలో ఉందా, గోరింటాకు మీద నీలిమందే మేలు. నెలకోసారి మొదళ్లకి వేస్తే సరిపోతుంది, జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కదా. తలంతా తెల్లబడి టైమ్ లేనివాళ్లకి పేరున్న డబ్బా డై, ప్రతిసారీ 48 గంటల ముందు చెవి వెనక రాసి చూసుకుని. ఒకసారి పీపీడీతో వాచినవాళ్లు డై జోలికే వెళ్లొద్దు. పీపీడీ లేదని రాసి ఉన్న రంగులు కూడా కొందరికి పడవు, డాక్టర్ని అడక్కుండా వాడకండి. బ్లాక్ హెన్నా ప్యాకెట్‌కి మాత్రం నా లెక్కలో చోటు లేదు, ఎందుకంటే అది పేరు దగ్గరే అబద్ధం చెబుతోంది. అలాంటి కొన్ని పొడుల్లో లోహ లవణాలు కూడా కలుపుతారు. వాటి మీద పార్లర్‌లో బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కి పాడైపోతుంది. హైలైట్స్ చేయించుకునే ముందు ఏడాదిలో తలకి ఏమేం రాశారో అన్నీ చెప్పండి, అమ్మమ్మ ఇచ్చిన పొడితో సహా.

మా ఆడపడుచుది దాదాపు తెల్లజుట్టు. పది రోజుల్లో కూతురి పెళ్లి. ఆమెకి నేను నీలిమందు చెప్పలేదు. మంచి డై కొనిపించి, గురువారం రాత్రి చెవి వెనక రూపాయి బిళ్లంత రాశాను. శనివారం రాత్రి దాకా దురద లేదు, ఎరుపు లేదు. "ఇంత సేపు చూడాల్నా వదినా?" అని నాలుగుసార్లు అడిగింది, చూసింది. ఆదివారం రంగు వేశాం. వెళ్లేటప్పుడు గోరింటాకు పొడి, నీలిమందు పొడి చెరో డబ్బాలో పోసి, ఏది ఎన్ని గంటలో మూత మీద రాసిచ్చాను. పెళ్లి హడావిడి తగ్గి మొదళ్లు తెల్లగా కనబడ్డప్పుడు వీడియో కాల్ చెయ్యమన్నాను, ముద్ద ఎంత జారుగా ఉండాలో చూపిస్తానని.