విశాఖ చుట్టూ వలస పక్షులు: ఏ నెలలో ఎక్కడికి, ఎక్కడ బస

విశాఖపట్నంలో పక్షులను చూడడానికి ఏది మంచి కాలమని ఎవరిని అడిగినా డిసెంబరు, జనవరి అనే చెబుతారు. ఆ మాటలో తప్పు లేదు గానీ అది సగమే నిజం. కొన్నేళ్లుగా మా చిన్న బృందం భీమిలి మొదలు ఇచ్ఛాపురం దాకా, కంబాలకొండ మొదలు అరకు, లంబసింగి దాకా వేర్వేరు నెలల్లో తిరిగి చూసినమీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, హోటళ్ల సీజనూ పక్షుల సీజనూ ఒకదానిపై ఒకటి సరిగా పడవు. గదులు దొరకని రోజుల్లో పక్షులు ఒక మోస్తరుగా ఉంటాయి. అవి గుంపులుగా వచ్చిపోయే సెప్టెంబరు, అక్టోబరు, మార్చి, ఏప్రిల్ నెలల్లో గదులు చవగ్గా దొరుకుతాయి.

మన పక్షుల సంవత్సరం ఆగస్టులో మొదలవుతుంది. జనం గొడుగులు మడవక ముందే ఉత్తరాది నుంచి ఉల్లంకి జాతి పిట్టలు తీరం వెంట దిగడం మొదలుపెడతాయి. వీటిని చూడడానికి గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి మొగకు మించిన చోటు నగరానికి దగ్గరలో లేదు. రైల్వే స్టేషను నుంచి బీచ్ రోడ్డు మీదుగా వెళ్లే 900కే బస్సు ఎక్కితే కారు అవసరమే ఉండదు. అయితే ఇక్కడ గడియారం కంటే పోటుపాట్ల లెక్క ముఖ్యం. పోటు మీద వెళితే నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. పాటు మొదలై బురద తేలుతున్నప్పుడు, తిండి కోసం పక్షులు మొగలోకి దిగే గంటన్నర, రెండు గంటలే అసలైన సమయం. ఆగస్టు చివర్లో వచ్చే శాండ్ ప్లోవర్ల రొమ్ము మీద ఇటుక రంగు ఇంకా పూర్తిగా పోయి ఉండదు. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్ల పొట్ట కింద నల్లటి మచ్చలు అక్కడక్కడ మిగిలి, రంగు వెలిసిన గోడలా కనిపిస్తాయి. నవంబరుకల్లా అన్నీ వెలిసిన బూడిద, గోధుమ రంగుల్లోకి మారిపోయి కొత్తవారికి గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ అదే రంగు ఎక్కుతుంది. కాబట్టి జాతులను నేర్చుకోవాలనుకునేవారు ఈ రెండు చివరలనే ఎంచుకోవడం మంచిది. భీమిలిలో బస గురించి ఎక్కువగా చెప్పాల్సిందేమీ లేదు. నగరంలోనే దిగి పొద్దున్నే వెళ్లి రావడం మేలు.

ఆగస్టులోనే ఇంకొక దూర ప్రయాణం చేయవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచి గ్రామంలో ఓపెన్‌బిల్ కొంగలు జూన్‌లో వానలతో పాటు వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కట్టుకొని, నవంబరు వరకు ఉంటాయి. వరి మళ్లలో నత్తలు దొరికే కాలమే వాటికి పిల్లలను పెంచుకునే కాలం. డిసెంబరు సెలవుల్లో పిల్లలను తీసుకొని తేలుకుంచి వెళ్లినవారు ఖాళీ గూళ్లు చూసి వస్తారు. అదే జిల్లా టెక్కలి ప్రాంతంలోని తేలినీలాపురంలో లెక్క దీనికి పూర్తిగా భిన్నం. అక్కడి చింతచెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులు అనే కొంగలు వానలు వెనకబట్టాక చేరి, వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. వాటిని సైబీరియా పక్షులని అంటూ ఉంటారు గానీ అవి మన దేశంలోనే నీటిని బట్టి చోటు మార్చుకునే పక్షులు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో గూడబాతు పిల్లలు ఎదిగి, తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తినే దృశ్యం చూపు మేరలో, బైనాక్యులర్లు లేకపోయినా కనిపిస్తుంది. ఈ రెండు ఊళ్లనూ ఒకే యాత్రలో చూపిస్తామనే ప్యాకేజీ ఎవరైనా అమ్మితే, ఏ నెలలో తీసుకువెళతారని ముందుగా అడగండి. అక్టోబరు తప్ప మరే నెల చెప్పినా రెండింటిలో ఒకటి వెలితిగానే ఉంటుంది. బసకు టెక్కలిలోని సాధారణ లాడ్జిలు సరిపోతాయి. సౌకర్యాలు కావాలనుకుంటే శ్రీకాకుళంలో దిగాలి, కాకపోతే తెల్లవారుజామునే బయలుదేరాల్సి వస్తుంది.

సెప్టెంబరు చివరి నుంచి నా దృష్టి అంతా కంబాలకొండ మీదనే ఉంటుంది. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండి, తరువాత అటవీశాఖ చేతికి వచ్చిన ఈ అడవి దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. జాతీయ రహదారి పక్కనే ఉన్నా, లోపలికి పది నిమిషాలు నడిస్తే లారీల మోత తగ్గిపోతుంది. ఇక్కడికి వచ్చే చలికాలపు అతిథులు చిన్నవి, ఓపిక అడిగేవి: గ్రీనిష్ వార్బ్లర్, ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్, నేల మీద తోకను పక్కలకు ఊపుకుంటూ నడిచే ఫారెస్ట్ వాగ్‌టెయిల్. గ్రీనిష్ వార్బ్లర్‌ను కంటికంటే ముందు చెవితో పట్టుకోవాలి. అది ఆకుల మధ్య నుంచి రెండు ముక్కల పదునైన కూత కూస్తూ, పక్క చెట్టులో ఉన్న తన జాతి పిట్టను తన హద్దులోకి రానివ్వదు. చలికాలపు విడిదిలో కూడా ఈ పిట్టలు ఒక్కొక్కటిగా హద్దులు కాచుకుంటాయని తూర్పు కనుమల్లో పనిచేసిన పక్షి శాస్త్రవేత్త ట్రెవర్ ప్రైస్ పరిశీలనల వల్ల తెలిసింది. మన కనుమల్లో ఏ పక్షి ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో వివరిస్తూ ఆయన రాసిన వ్యాసం 1979లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇన్నేళ్ల తరువాత కూడా మా కాలపట్టికకు అదే పునాది. పక్షులు చూసేవారు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో జిల్లావారీగా, నెలను నాలుగు వారాలుగా విడగొట్టి చూపే పట్టీలతో దాన్ని పోల్చి చూసుకొని, తేడా వచ్చినచోట మా సొంత నోటుపుస్తకాన్ని నమ్ముకుంటాము.

కంబాలకొండకు వెళ్లదలచినవారు ముందురోజే సిబ్బందితో మాట్లాడుకొని, ఉదయం ఎన్ని గంటలకు లోపలికి పంపుతారో కనుక్కోవాలి, ఎందుకంటే అక్టోబరులో మనకు ఆరు కాకముందే తెల్లవారుతుంది, పక్షుల సందడి ఎనిమిదిన్నరకల్లా పలచబడుతుంది. ఆదివారం మాత్రం వద్దు. పడవలు, తాళ్లవంతెనల దగ్గర పిల్లల కేరింతలు వినసొంపుగానే ఉంటాయి గానీ వార్బ్లర్లకు అవి పట్టవు.

అక్టోబరు, నవంబరు నెలలతో ఒక చిక్కు ఉంది, అది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కంబాలకొండ చెట్లను ఎలా విరిచిపడేసిందో నగరంలో ఉన్నవారెవరూ మరచిపోలేదు. అందుచేత ఈ నెలల్లో డబ్బు వెనక్కి ఇవ్వని బుకింగు ఎంత చవగ్గా దొరికినా తీసుకోకూడదని నా సలహా.

నవంబరు వచ్చాక కొండకర్ల ఆవ. అచ్యుతాపురం దగ్గర, ప్రస్తుతం అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ మంచినీటి సరస్సు రాష్ట్రంలో కొల్లేరు తరువాత పెద్దదని చెబుతారు. ఇక్కడి సేవల్లో మెచ్చుకోవలసింది దోనె. రెండు తాటి మొద్దులను తొలిచి, పక్కపక్కన కట్టిన ఆ దోనెలో కూర్చుంటే కన్ను నీటి మట్టానికి జానెడు ఎత్తులోనే ఉంటుంది. దోనెవాడు గెడ వేసి తామరాకుల మధ్య నుంచి చప్పుడు లేకుండా తోస్తాడు. మోటారు పడవ మీద ఇంత దగ్గరగా కాటన్ పిగ్మీ గూస్ అనే చిన్న బాతును, తామరాకుల మీద నడిచే జకానాలను చూడడం అసాధ్యం. ఒకసారి తొమ్మిది దాటాక చేరుకున్న కుటుంబం ఒకటి బేరం ఆడుతుండగా, పెద్దవయసు దోనెవాడు ‘పొద్దెక్కిపోనాది గదా బాబూ, ఇంకేటి కనిపిస్తాయి’ అని తన బేరాన్ని తానే చెడగొట్టుకున్నాడు. అటువంటివాడికి అడిగినదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వాలనిపిస్తుంది. ఫెజంట్ టెయిల్డ్ జకానా పొడుగాటి తోక మాత్రం చలికాలంలో ఉండదు. దాని కోసం వానాకాలంలోనే, బురద తొక్కుకుంటూ రావాలి. గట్టు దగ్గర టీ, బిస్కెట్లకు మించి దొరుకుతాయని ఆశ పెట్టుకోకుండా ఇడ్లీలు కట్టించుకొని వెళ్లండి.

నగరం దాటడానికి తీరికలేనివారికి ఫిషింగ్ హార్బరు ఉంది. నవంబరు నుంచి మార్చి వరకు బోట్ల వెనక బ్రౌన్ హెడెడ్ గల్స్ అనే నీటి పక్షులు మూగుతాయి. చలికాలంలో వాటి తల తెల్లగా ఉండి, చెవి దగ్గర ఒక్క నల్లచుక్క మిగులుతుంది. మార్చిలో ఆ చుక్క పెరిగి తలంతా గోధుమరంగు టోపీ ఏర్పడిందంటే అవి టిబెట్, లడఖ్ వైపు సరస్సులకు బయలుదేరే వేళయినట్టే. ఏప్రిల్ 15న చేపలవేట నిషేధం మొదలయ్యేసరికి బోట్లు ఒడ్డుకు చేరతాయి, గల్స్ కూడా ఉండవు.

ఇక అందరూ అడిగే అరకు, లంబసింగి. డిసెంబరులో ఈ రెండింటికీ వెళ్లవద్దని చెప్పడానికి నేను వెనకాడను. ఉదయం విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు, దానికి తగిలించిన అద్దాల విస్టాడోమ్ బోగీ ప్రయాణంగా ఎంత ముచ్చటైనవైనా, అరకు చేరేసరికి పక్షుల పూట గడిచిపోతుంది. ముందురోజే చేరుకొని రాత్రి బస చేయాలి. ఆ బసలోనే మాకు ఇబ్బంది ఎదురైంది. డిసెంబరు నెల శనివారం ఒక రిసార్టులో రెట్టింపు అద్దె తీసుకొని, అర్ధరాత్రి దాకా పెద్ద స్పీకర్లతో పాటలు మోగించి, ఉదయం ఎనిమిదికి ముందు కాఫీ కూడా ఇవ్వలేమన్నారు. అదే గది ఫిబ్రవరి మధ్యలో సగానికి దొరికింది, కాఫీ కూడా ఐదింటికే వచ్చింది. పక్షుల పరంగా కూడా ఫిబ్రవరి, మార్చి నెలలే మేలు. ఆకు రాలిన బూరుగు చెట్లు ఎర్రగా పూసి ఉంటాయి. ఒక్క చెట్టు కింద గంటసేపు నిలబడితే రోజీ స్టార్లింగులు, యాషీ డ్రాంగోలు, ఆ పూలలో తేనె తాగి ముఖానికి పుప్పొడి పూసుకున్న మరెన్నో పిట్టలు వంతులవారీగా కిందికి దిగుతాయి. కాఫీ తోటల నీడలో వెర్డిటర్ ఫ్లైక్యాచర్ నీలం తళుక్కుమంటుంది. అరకు ఊళ్లో కంటే దారిలోని టైడాలో, చెట్ల మధ్య ఉన్న పర్యాటక సంస్థ జంగిల్ బెల్స్ కుటీరాల్లో దిగడం నాకు నచ్చింది, ఎందుకంటే అక్కడ తలుపు తీసిన చోటి నుంచే పక్షులు మొదలవుతాయి.

లంబసింగికి జనం మంచు కోసం, దగ్గరలోని చెరువులవేనం కొండ మీది మేఘాల కోసం వస్తారు. డిసెంబరు వారాంతాల్లో తెల్లవారుజామునే కార్ల వరుస మొదలవుతుంది. ఇక్కడి విశేషం వలస పక్షి కూడా కాదు. ఈశాన్యంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే అబాట్స్ బాబ్లర్ అనే చిన్న పిట్ట అక్కడి నుంచి ఇంత దూరంలో మన కనుమల్లో విడిగా మిగిలి ఉంది. ఇక్కడి ఉపజాతికి 1985లో విశాఖ పక్షి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు పేరునే పెట్టారు. అది ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది కనుక దాని కోసం చలిలో తొక్కిసలాడనక్కరలేదు. నర్సీపట్నంలో బస చేసి, పనిదినాన చీకటితో బయలుదేరి కొండ ఎక్కితే చాలు.

ఏప్రిల్ దాటితే చాలామంది బైనాక్యులర్లు సర్దేస్తారు. అది తొందరపాటు. మే నెలలో దక్షిణం నుంచి రాత్రివేళల్లో ఎగిరివచ్చే పొన్నంగి పిట్టలు (ఇండియన్ పిట్టా) కంబాలకొండ పొదల్లో ఉదయం, సాయంత్రం ఈల వేస్తాయి. ఉక్కపోత భయంకరంగా ఉంటుంది, నీళ్లు రెండు లీటర్లకు తగ్గకుండా పట్టుకెళ్లాలి, తొమ్మిది లోపు బయటపడాలి. ఆ నెలలో నగరంలోని మంచి హోటళ్లలో కూడా వారం మధ్యలో అద్దె తగ్గించి అడగవచ్చు, చాలాచోట్ల ఒప్పుకుంటారు. జూన్‌లో తొలకరి పడ్డాక చాతక పక్షి కేక మొదలవుతుంది. దాన్ని మేఘాద్రి గెడ్డ జలాశయం గట్టు దగ్గరి చెట్ల మీద వెతకవచ్చు, ఆ వెంటనే తేలుకుంచికి టికెట్లు చూసుకోవచ్చు.