షార్లెట్ ఓవల్ మీద నాలుగు వందల చుట్లు

గానుగెద్దులా ఒకే దారిలో తిరిగే కార్లను చూడటానికి అట్లాంటా నుంచి నాలుగు గంటలు ప్రయాణం చేయాలా అని మా ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. 2025 మే 25న, అమర సైనికులను స్మరించుకునే మెమోరియల్ డేకి ముందురోజు ఆదివారం, నార్త్ కరోలినాలోని షార్లెట్ మోటార్ స్పీడ్‌వేలో జరిగిన కోకా కోలా 600 రేసుకు మా బావమరిదితో కలిసి వెళ్లివచ్చాను. సరైన చోట సీటు దొరికితే వెళ్లదగినదేనని, దొరకకపోతే ఆవిడ ప్రశ్నే న్యాయమైనదని ఇప్పుడు చెప్పగలను.

పేరు షార్లెట్‌ది అయినా ట్రాక్ ఉన్నది పక్కనున్న కాంకర్డ్‌లో. సిటీ రైలు అక్కడిదాకా పోదు కాబట్టి కారు తప్పనిసరి. చుట్టుకొలత 1.5 మైళ్లు, మలుపుల దగ్గర వాలు 24 డిగ్రీలు. 400 చుట్లు పూర్తయితే 600 మైళ్లు, అంటే సుమారు 965 కిలోమీటర్లు. అమెరికాలో కార్ల పందేలు నడిపే సంస్థ నాస్కార్ కప్ రేసుల్లో ఇంతకంటే పొడవైనది లేదు. సాయంత్రపు ఎండలో మొదలై లైట్ల కింద ముగుస్తుంది కనుక, చీకటి పడి ట్రాక్ చల్లబడేసరికి టైర్ల పట్టు మారిపోతుంది, ఎండలో చక్కగా నడిచిన కారు రాత్రికి మొరాయించవచ్చు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే తొలి వంద చుట్లను చూసే తీరే వేరుగా ఉండేది.

మేము చేసిన పెద్ద పొరపాటు టికెట్ల దగ్గరే జరిగింది. సినిమా హాల్లో నేల టికెట్టులాగే ఇక్కడా కింది వరుసలు చౌక; దగ్గర నుంచి చూడవచ్చుకదా అని అవే కొన్నాము. అక్కడ కనిపించేది ఇనుప వల, దాని వెనుక దూసుకుపోయే రంగులు, అంతే. గంటకు 180 మైళ్ల వేగంతో కారు రెప్పపాటులో దాటిపోతుంది, మళ్లీ అర నిమిషానికి వస్తుంది, ఈలోగా ఎవరు ఎవరిని దాటారో తెలియదు. ఒళ్లో పెట్టుకున్న పులిహోర డబ్బా మూత మీద టైర్ల నుంచి ఎగిరిన నల్లటి రబ్బరు తునకలు రాలాయి. రేసు వందేసి చుట్ల నాలుగు దశలుగా సాగుతుంది; రెండో దశలో పై వరుసల్లో ఉన్న మిత్రుడి పక్కన కాసేపు కూర్చునే అవకాశం దొరికింది. అక్కడి నుంచి ట్రాక్ మొత్తం పళ్లెంలో పెట్టినట్టు కనిపించింది. ఎవరు లోపలి గీత పట్టుకున్నారు, ఎవరు గోడ వెంబడి పోతున్నారు, కార్లు మధ్యలో ఆగే పక్కదారి అయిన పిట్ రోడ్డులో అయిదుగురు మనుషులు పదిపన్నెండు సెకన్లలో నాలుగు టైర్లు మార్చి పెట్రోలు ఎలా పోస్తున్నారు, అన్నీ అప్పుడే అర్థమయ్యాయి.

పులిహోర ఎలా తీసుకెళ్లారని అడుగుతారేమో. పొడవు, వెడల్పు, ఎత్తు 14 అంగుళాలు మించని మెత్తటి కూలర్ సంచిని లోపలికి అనుమతిస్తారు. మంచినీళ్లు కూడా అందులోనే సర్దుకుంటే ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది. మిగిలిన డబ్బుతో స్కానర్ అద్దెకు తీసుకోవడం మంచిది, ఎందుకంటే డ్రైవరుతో జట్టు నాయకుడైన క్రూ చీఫ్ మాట్లాడే మాటలు, స్టాండ్ల పైకప్పు మీద నిలబడి పక్కన ఎవరున్నారో డ్రైవరుకు చెప్పే స్పాటర్ గొంతు అందులో నేరుగా వినిపిస్తాయి. మేము తీసుకున్న రెండింటిలో ఒకదాని బ్యాటరీ గంటలోనే చచ్చిపోయింది. దుకాణం దగ్గరే పరీక్షించుకోవాల్సింది. చెవులకు రక్షణ లేకుండా మాత్రం ఎవరూ వెళ్లవద్దు.

రెండో దశ ముగిశాక కార్లన్నీ పిట్ రోడ్డు మీదకు వచ్చి ఇంజన్లు ఆపేశాయి. యుద్ధాల్లో మరణించిన సైనికుల కోసం మౌనం పాటించే ఘట్టమది. ఆ వారం కార్ల ముందు అద్దం పైన డ్రైవరు పేరు బదులు ఒక్కొక్క అమరుడి పేరు ఉంటుంది. రెండు గంటల హోరు తరువాత ఎక్కడో పై వరుసలో ఒక పసిపిల్ల ఏడుపు స్పష్టంగా వినిపించింది.

షార్లెట్ ఊరివాడైన డ్రైవరు విలియం బైరన్ 283 చుట్లు ముందుండి నడిపాడు. గెలిచింది మాత్రం శనివారం ప్రాక్టీసులో కారు ధ్వంసమై, జట్టు రాత్రంతా సిద్ధం చేసిన మారు కారుతో అందరికన్నా చివరన, 40వ స్థానంలో బయలుదేరిన రాస్ చాస్టెయిన్; ఆరు చుట్లు మిగిలి ఉండగా బైరన్‌ను దాటాడు. తరతరాలుగా పుచ్చకాయలు పండించే ఫ్లోరిడా కుటుంబం అతనిది, అందుకే గెలిచిన ప్రతిసారీ ట్రాక్ మీద ఒక పుచ్చకాయ పగలగొడతాడు. అది చూసి మా బావమరిది, “దిష్టి గుమ్మడికాయ కొట్టేశాడు బావా!” అన్నాడు.

బస విషయంలో నా సలహా ఒక్కటే: ట్రాక్ పక్కనే గది తీసుకోవద్దు. ట్రాక్‌కు మూడు మైళ్ల దూరంలోనే గది తీసుకున్నాము. మామూలు రోజుల ధరకు రెట్టింపు పైన, రెండు రాత్రులు తప్పనిసరి అన్నారు, తీరా గదిలో ఏసీ అంతంతమాత్రం. రేసు అయ్యాక ఆ మూడు మైళ్లకే గంటన్నర పట్టింది. షార్లెట్‌లో యూనివర్సిటీ వైపు ఉంటున్న మిత్రుడు మాకన్నా ముందే ఇల్లు చేరి ఫోన్ చేశాడు, పొద్దున్నే ఇడ్లీలకు రమ్మని.

ఆ ఇడ్లీలు తిని సోమవారం నగరం నడిబొడ్డున ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ చూశాము. 2010లో తెరిచిన ఈ ప్రదర్శనశాలలో పాత రేసు కార్లను నిలిపిన దారి నేలమట్టంగా మొదలై క్రమంగా 33 డిగ్రీల దాకా లేస్తుంది. ముందురోజు పై వరుసల నుంచి బల్లపరుపుగా అనిపించిన మలుపు ఎంత నిటారుగా ఉండి ఉంటుందో, ఆ దారిలో వాలుగా నిలిపిన కారు పక్కన నిలబడి తలెత్తి చూసినప్పుడు గాని నాకు తెలియలేదు.