కొలోన్ కెథడ్రల్: రైలు మారే గ్యాప్‌లో చూసేది కాదండీ

మన అమలాపురం, రామచంద్రపురం వైపు నుంచి జర్మనీకి ఎంఎస్‌కి వచ్చే పిల్లలకి, వాళ్ళని చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను ఆఖెన్‌లో చదువుతున్నాను, అక్కడి నుంచి కొలోన్ గంట రైలు. స్టేషన్ బయటికి రాగానే చర్చి ఎదురుగా ఉంటుంది కాబట్టి మనవాళ్ళు చాలామంది రైలు మారేలోపు పరుగున వెళ్ళి నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. అలా చేయకండి, కనీసం ఒక పూట ఉంచుకోండి.

దీన్ని కట్టడం మొదలైంది 1248లో. పదహారో శతాబ్దంలో పని ఆగిపోయి, సగంలో ఉన్న దక్షిణ గోపురం మీద రాళ్ళు ఎత్తే క్రేను వందల ఏళ్ళు అలాగే నిలబడిపోయింది. తర్వాత 1814లో ముఖభాగం పాత నక్షా సగం డార్మ్‌స్టాట్‌లో దొరికింది, మిగతా సగం 1816లో పారిస్‌లో దొరికింది. వాటిని పట్టుకుని 1842లో మళ్ళీ మొదలుపెట్టి 1880కి పూర్తిచేశారు. 157 మీటర్లు, అప్పటికి ప్రపంచంలో అంత ఎత్తు కట్టడం ఇంకోటి లేదు. కానీ ఎప్పుడో ఎవరో గీసిన నక్షాకి అన్ని తరాల తర్వాతివాళ్ళు కట్టుబడి కట్టారు చూడండి, నాకు ఆ ఎత్తు కంటే ఇదే గొప్పగా అనిపించింది.

మా బాబాయి రామచంద్రపురంలో తాపీమేస్త్రీ. బయట నిలబడి వీడియో కాల్ చేస్తే, "ఏరా, రాయంతా అలా నల్లబడిపోయిందేంట్రా, కడిగించరా?" అన్నాడు. బొగ్గు పొగ పట్టేసి అలా అయింది బాబాయ్ అని చెప్పి ఫోను గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక రాతి ఆకు అంచులు అరిగిపోయి ముద్దలా ఉంది, దాని పక్కనే కొత్తగా చెక్కి పెట్టిన ఆకు ఈనెలతో సహా తేటగా కనిపిస్తోంది. ఫోను కదపొద్దని చెప్పి చాలాసేపు చూశాడాయన. ఈ చర్చికి సొంత రాతిపనివాళ్ళు ఉన్నారు, మరమ్మతు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, ఏదో ఒక మూల పరంజా కనిపిస్తుంది, ఫొటోకి అడ్డమని విసుక్కోకండి. మన ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి దీనికంటే పాతది, పై అంతస్తుకి మెట్లెక్కి లింగం పైభాగాన్ని దర్శనం చేసుకుంటాం కదా, అలాంటి గుడికి కూడా ఊళ్ళోనే ఉండి పనిచేసే శిల్పుల జట్టు ఒకటి శాశ్వతంగా ఉండాలని నా గట్టి కోరిక.

గోపురం ఎక్కడానికి టికెట్ ఉంటుంది. లిఫ్ట్ లేదు, 533 మెట్లు, ఇరుకుగా గుండ్రంగా తిరుగుతూ వెళ్తాయి, ఎదురుగా ఎవరైనా దిగుతుంటే గోడకి ఆనుకుని దారివ్వాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని మాత్రం తీసుకెళ్ళొద్దు. మధ్యలో గంటల దగ్గర తప్పకుండా ఆగండి. 1923లో పోతపోసిన సెయింట్ పీటర్ గంట 24 టన్నులు, పెద్ద పండగలకే మోగిస్తారు. పైన వల కట్టి ఉంటుంది, ఫొటోలు అంత బాగా రావు. రైన్ నది మీద ఆ ఇనుప కమానుల రైలు వంతెన చూస్తే మాత్రం మనవాళ్ళెవరికైనా రాజమండ్రి గుర్తొస్తుంది.

లోపల దక్షిణం వైపు 2007లో పెట్టిన కిటికీ ఉంది, గెర్హార్డ్ రిక్టర్ అనే జర్మన్ చిత్రకారుడు రూపొందించింది, బొమ్మలేమీ లేకుండా 72 రంగుల చదరపు గాజు ముక్కలు. ఎండ పడే వేళ చూడాలి. ప్రార్థన జరుగుతుంటే లోపల తిరగనివ్వరు, టోపీ తీసెయ్యాలి.

చర్చికి ఐదుకి ఐదు, గోపురానికి నాలుగు ఇస్తాను. చలికాలంలో గోపురం సాయంత్రం తొందరగా మూసేస్తారు, కాబట్టి ముందు మెట్లెక్కేసి, లోపల తర్వాత చూసుకోండి.