పొగ తక్కువ బండ్లున్న కాంట్రాక్టరుకే పని: షరతు మేలా, 5 శాతం వెసులుబాటు మేలా?

పురపాలక సంఘం పిలిచే టెండరులో సాధారణంగా అందరికన్నా తక్కువ ధర వేసినవారికే, అంటే ఎల్‌1కే పని దక్కుతుంది. పాత టిప్పర్లతో నెట్టుకొచ్చే కాంట్రాక్టరుకు వాయిదాల బాధ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది కనుక అతను ధర తగ్గించగలడు. పొగ తక్కువ వదిలే బీఎస్‌-6 ప్రమాణం బండ్లో, కరెంటు ఆటోలో కొన్నవాడు ఆ వాయిదాలను ధరలో కలుపుకోక తప్పదు. వార్డు జనం పీల్చే పొగకు మాత్రం ధరల పట్టికలో గడి ఉండదు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్ర చట్టం ఇందుకు రెండు దారులు చూపింది. పీల్చే గాలిలో ఓజోన్ వాయువు ఇంతకు మించకూడదన్న ప్రమాణాలను అందుకోలేని హ్యూస్టన్, మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన డాలస్ వంటి ప్రాంతాల్లో, గాలి నాణ్యత ప్రమాణాలను పాటిస్తున్నట్టు రుజువు చూపినవారికి స్థానిక సంస్థ ప్రాధాన్యం ఇవ్వవచ్చు. అయితే వారి ధర, పాటించనివారి ధరలో 105 శాతం మించకూడదు. కాదంటే ఆ ప్రమాణాలనే తప్పనిసరి షరతుగా పెట్టవచ్చు.

షరతు పెడితే వాదనకు తావుండదు. కానీ బండ్లు మార్చే స్తోమత లేని చిన్న కాంట్రాక్టర్లు ఒక్కసారిగా పోటీలోంచి తప్పుకుంటారు, మిగిలిన ఇద్దరు ముగ్గురు ధర పెంచినా అడిగేవారుండరు. 5 శాతం వెసులుబాటులో పోటీ నిలుస్తుంది, ఖజానాపై భారం ఎంతవరకో ముందే తెలుస్తుంది: కోటి రూపాయల పనికి గరిష్ఠంగా 5 లక్షలు.

మన దేశంలో మూడో దారి ఉంది. నాణ్యతకు పెద్దపీట వేయాల్సిన పనిగా ప్రకటించిన చోట ధరేతర అంశాలకు 30 శాతం వరకు మార్కులివ్వవచ్చని కేంద్ర ఆర్థిక శాఖ 2021లో అనుమతించింది. వినడానికి బాగుంది కానీ లెక్క వేసి చూడండి. కోటి వేసినవాడికి ధర కింద 70 మార్కులు, కోటీ ఇరవై లక్షలు వేసినవాడికి 58.3 వస్తాయి. మిగతా 30లో రెండోవాడు 12 మార్కులు ఎక్కువ తెచ్చుకుంటే చాలు, 20 లక్షలు అదనంగా పెట్టి పని అతనికే ఇవ్వాలి. పైగా ఆ 30లో అనుభవం, టర్నోవరు కూడా చేరితే పొగ మాట వెనక్కి పోయి పెద్ద సంస్థే గెలుస్తుంది.

నా ఉద్దేశంలో ఏళ్ల తరబడి సాగే చెత్త సేకరణ ఒప్పందాలకు షరతే మేలు, ఎందుకంటే బండి పెట్టుబడి రాబట్టుకునే వ్యవధి అక్కడ ఉంటుంది. మూడు నెలల్లో ముగిసే సిమెంటు రోడ్డుకో, కాలువకో 5 శాతం వెసులుబాటే న్యాయం. విజయవాడ, విశాఖపట్నం, హైదరాబాదు జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో ఉన్న నగరాలే కనుక ఇటువంటి నియమాన్ని అక్కడే మొదలుపెట్టవచ్చు.

ఏ దారి పట్టినా తనిఖీ లేకపోతే ఖర్చే మిగులుతుంది. మా వీధి కాలువ పనికి తలుపులు తుప్పు పట్టిన టిప్పరు వచ్చి, ఇంజిను ఆపకుండా గంటసేపు బడి గోడ పక్కన నిలబడి నల్లటి పొగ కక్కింది. అందుకే టెండరులో చూపిన బండ్ల నంబర్లను ఒప్పందంలోనే రాయాలి. పనిలోకి వచ్చిన బండి నంబరును సైటు ఇంజనీరు ఏ రోజుకారోజు నమోదు చేయాలి. రెండూ కలవకపోతే ఆ 5 శాతాన్ని బిల్లులోంచి కోసుకోవాలి.